బడిలో పొగాకు లెక్క: ఆ 8.5 శాతాన్ని ఎలా చదవాలి?

దేశంలో 13–15 ఏళ్ల బడిపిల్లల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నారు. 2021 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన నివేదికలో అందరి కంటా పడిన ముక్క ఇది. నోళ్లు మారేకొద్దీ ఇదే ముక్క "వందలో ఎనిమిది మంది పిల్లలు పొగాకుకు బానిసలైపోయారు" అనే దాకా పోతుంది. ఇంకోపక్క "అంతేనా? మా కాలేజీ రోడ్డులో పాన్ డబ్బా దగ్గరికి ఓసారి రండి" అని పెదవి విరిచేవాళ్లూ ఉంటారు. సర్వే చెప్పింది ఈ రెండూ కాదు. అసలేం చెప్పిందో తెలియాలంటే ముందు ఆ లెక్క ఎలా తీశారో చూడాలి.

దీని పేరు గ్లోబల్ యూత్ టొబాకో సర్వే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కలిసి 1999లో మొదలుపెట్టాయి. ఏ దేశంలో చేసినా వయసు అదే, పద్ధతి అదే, ముఖ్యమైన ప్రశ్నలూ అవే. మన దేశంలో నాలుగో విడత 2019లో జరిగింది. ముంబైలోని ఐఐపీఎస్ అనే జనాభా అధ్యయన సంస్థ దాన్ని నడిపించింది. 987 బడుల్లో 97,302 మంది పిల్లలు జవాబులు రాశారు. వాళ్లలో 13–15 ఏళ్ల మధ్య ఉన్న 80,772 మంది జవాబులే లెక్కకు తీసుకున్నారు.

బడుల ఎంపిక లాటరీయే గానీ, అన్ని బడులకూ ఒకే అవకాశం ఉండదు. పిల్లలు ఎక్కువున్న బడి పేరు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ బడిలో ఏ తరగతి, ఏ సెక్షన్ అన్నది మళ్లీ లాటరీ. తేలిన సెక్షన్‌లో ఆ రోజు వచ్చిన పిల్లలందరికీ ప్రశ్నపత్రం ఇస్తారు. "మా 'ఎ' సెక్షన్ పిల్లలు చక్కగా రాస్తారండీ, వాళ్లను కూర్చోబెడతాను" అని హెడ్మాస్టరు ముచ్చటపడితే కుదరదు. అదొక్కటి ఒప్పుకున్నా లెక్కంతా పాడవుతుంది.

తరగతి గదిలో జరిగేది ఒక పీరియడ్ పని. సర్వే వాళ్లు ప్రశ్నపత్రాలు, జవాబులకు గళ్లున్న ఓఎంఆర్ షీట్లు పంచుతారు. పేరు రాయొద్దు, రోల్ నంబరు వేయొద్దు, మీరేం రాశారో మీ టీచరుకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ తెలియదు అని ముందే చెప్తారు. టీచరు బల్లల మధ్య తిరగకూడదు. ప్రశ్నలు చాలావరకు ఈ తీరులో ఉంటాయి: "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు సిగరెట్ తాగావు?" కింద గళ్లు: ఒక్క రోజు కూడా లేదు, 1–2 రోజులు, 3–5, 6–9, 10–19, 20–29, మొత్తం 30 రోజులూ. పిల్లాడు ఒక గడి నింపి తర్వాతి ప్రశ్నకు వెళ్తాడు.

మొదటి గడి తప్ప మిగతా వాటిలో ఏది నింపినా ఆ పిల్లాడు "ప్రస్తుతం వాడుతున్నవాడు" కిందే జమ. దసరా సెలవుల్లో మేనమామ కొడుకుతో కలిసి మేడ మీద ఒక్క దమ్ము లాగి దగ్గినవాడూ, ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే గోడ దూకి ఖైనీ దవడన పెట్టుకునేవాడూ 8.5 శాతంలో పక్కపక్కనే కూర్చుంటారు. ఎప్పుడో ఒక్కసారైనా రుచి చూసినవాళ్ల లెక్క వేరు, అది 18.1 శాతం. అంటే ముట్టినవాళ్లలో సగానికి పైగా ఆ నెలలో మళ్లీ ముట్టలేదు. "బానిసలు" అన్న మాట ఈ లెక్కకు అంటించడం అన్యాయం. అలాగని తేలిగ్గా తీసేయడానికీ లేదు. ఆ వయసులో నెలకు ఒకటీ రెండుతో మొదలుపెట్టేవాళ్లలో కొందరే పెద్దయ్యాక రోజుకో పెట్టె కాలుస్తారు. ఆ కొందరు ఎవరన్నది ముందుగా తెలియదు కాబట్టే ఒక్కరోజు వాడినవాణ్ని కూడా లెక్కలో ఉంచుతారు.

పిల్లలు నిజం చెప్తారా? ఈ మాట అడగని మనిషి ఉండడు. అడగాల్సిందే కూడా.

పెద్దల మీద చేసే సర్వే ఒకటుంది, గాట్స్ అంటారు. 2016–17లో జరిగిన రెండో విడతలో ఇంటింటికీ వెళ్లి 15 ఏళ్లు దాటినవాళ్లను ముఖాముఖి అడిగారు. అందులో 15–17 ఏళ్ల పిల్లల్లో పొగాకు వాడకం 4 శాతమని తేలింది. రెండు మూడేళ్ల తేడాలో, వాళ్లకన్నా చిన్నవాళ్లయిన 13–15 ఏళ్ల పిల్లలను బడిలో అడిగితే 8.5 శాతం. వయసు పెరిగితే వాడకం పెరగాలి గానీ సగానికి పడిపోతుందా? పడిపోదు. మారింది పిల్లలు కాదు, అడిగిన చోటు. ఇంట్లో ఎవరో తెలియనివాళ్లు ఎదురుగా కూర్చుని పేరు, వయసు రాసుకుని, నోటితో జవాబు చెప్పమన్నప్పుడు, వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిందేమోనని చెవి అటు పడేసి ఉంచే పిల్లాడు "లేదండీ" అనే అంటాడు. తరగతిలో పేరులేని కాగితం మీద గడి నింపడానికి అంత ధైర్యం అక్కర్లేదు.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. అమెరికాలో నేషనల్ యూత్ టొబాకో సర్వే అని బడిపిల్లల మీద ఏటా చేస్తూ వచ్చారు. 2020లో కరోనా వల్ల అది మధ్యలో ఆగింది. 2021లో బడులు సగం తెరిచి సగం మూసి ఉండటంతో ఆన్‌లైన్‌లో పెట్టారు. కొందరు బడిలో కూర్చుని రాశారు, కొందరు ఇంట్లోంచి రాశారు. హైస్కూలు పిల్లల్లో ఈ-సిగరెట్ వాడుతున్నామని ఒప్పుకున్నవాళ్లు బడిలో రాసినవారిలో 15 శాతం, ఇంట్లోనో మరోచోటో రాసినవారిలో 8.1 శాతం. ఇంట్లో ఉన్న పిల్లలకు తోటివాళ్లు, దొరికే దారులు తక్కువ కావడం కూడా ఇందుకు కొంత కారణం కావచ్చు. తేడా మొత్తం భయం వల్లే అనలేం. కానీ ఆ ఏడాది లెక్కను అంతకు ముందు ఏళ్లతో పోల్చొద్దని సర్వే చేసినవాళ్లే చెప్పారు. పోల్చి ఉంటే "కరోనా పుణ్యమా అని పిల్లల అలవాటు మానిపోయింది" అని సంబరపడేవాళ్లం.

నిజం రాబట్టడానికి ఇంకో దారి బెదిరింపు. 1977లో అమెరికా పరిశోధకులు పిల్లలకు ముందుగా ఒక ఫిల్మ్ చూపించారు. మీ ఉమ్మిని పరీక్షిస్తే పొగ తాగిందీ లేనిదీ తెలిసిపోతుందని అందులో చెప్పారు. ఆ తర్వాత అడిగితే తాగుతామని ఒప్పుకున్నవాళ్లు పెరిగారు. పొగాకు వాడితే ఒంట్లో తయారయ్యే కొటినిన్ అనే పదార్థాన్ని ఉమ్మిలో, మూత్రంలో కొలిచే పరీక్ష నిజంగానే ఉంది. అయితే అది రెండు మూడు రోజుల కిందటి వాడకాన్ని పట్టిస్తుంది గానీ, నెలలో ఎప్పుడో ఒకసారి తాగినవాణ్ని పట్టుకోలేదు. ఎనభై వేల మందికి ఆ పరీక్ష చేయడమంటే ఖర్చు మాట అటుంచి, "ఎవరికీ తెలియదు" అన్న హామీకే ఎసరు.

అబద్ధం రెండు వైపులా ఉంటుందని మాత్రం మర్చిపోతుంటాం. భయంతో దాచేవాళ్లే కాదు, గొప్పకోసమో తుంటరితనంతోనో లేనిది ఉందని రాసేవాళ్లూ ఆ వయసులో తక్కువేం ఉండరు. యూరప్‌లో బడిపిల్లల మత్తు అలవాట్ల మీద చేసే ఎస్‌పాడ్ సర్వేలో దీనికో చిట్కా వాడారు. మిగతా మత్తుపదార్థాల జాబితాలో లోకంలో ఎక్కడా లేని "రెలెవిన్" అనే పేరు ఇరికించారు. అది కూడా వాడామని టిక్కు పెట్టిన కుర్రాడి మిగతా జవాబులను ఎంతవరకు నమ్మాలో చెప్పక్కర్లేదు.

మన సర్వేలో కూడా నాకు కొరుకుడుపడని చోటు ఒకటుంది. బడిపిల్లల్లో పొగ తాగేవాళ్లు 7.3 శాతం, నమిలే రకాలు వాడేవాళ్లు 4.1 శాతం. పెద్దల్లో ఇది పూర్తిగా తిరగబడుతుంది: గాట్స్ ప్రకారం పొగ తాగేవాళ్లు 10.7 శాతం, ఖైనీ, గుట్కా, జర్దా లాంటివి వాడేవాళ్లు 21.4 శాతం. పోనీ పిల్లలు సిగరెట్ల మోజులో ఉన్నారనుకుందామా? సిగరెట్ తాగేవాళ్లు 2.6 శాతం, బీడీ తాగేవాళ్లు 2.1 శాతం మాత్రమే. రెండూ తాగేవాడు ఒక్కడూ లేడనుకున్నా కలిపితే 4.7 దాటదు. మిగతాదంతా "ఇతర పొగ" కింద వచ్చింది. హుక్కా, చుట్ట, చుంగాణీ లాంటివన్నీ ఆ గంపలోవే. పైగా ఆడపిల్లల్లో 6.2 శాతం పొగ తాగుతున్నట్టు తేలింది. పెద్దల సర్వేలో ఆడవాళ్లలో పొగ తాగేవారు 2 శాతమే. ఒక్క తరంలో ఇంత మార్పు వచ్చి ఉండొచ్చని వాదించేవాళ్లు ఉన్నారు. నేనైతే ఆ "ఇతర పొగ" ప్రశ్న పిల్లలకు ఎంతవరకు బోధపడిందో ముందు చూడమంటాను. సిగరెట్, బీడీ అంటే కళ్లముందు కనిపించే వస్తువులు. "పైవి కాక పొగ తాగే ఇతర పొగాకు ఉత్పత్తులు ఏవైనా" అని అడిగితే ఎనిమిదో తరగతి పిల్ల ఏమనుకుని గడి నింపిందో ఆమెకే తెలియాలి.

వస్తువు పేరు సరిగ్గా అడగడం చిన్న విషయం కాదు. మిజోరంలో పొగాకు పొగను నీళ్లలోకి పట్టి తయారుచేసే తుయిబుర్ అనేది ఉంది; ఆ నీళ్లు నోట్లో పుక్కిలిస్తారు. అది పొగా కాదు, నమిలేదీ కాదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ ఉంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఈ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో దశాబ్దాల కిందటే పరిశోధనలు జరిగాయి. అమ్మమ్మ చుట్ట అంటించి ఇవ్వమంటే ఒక దమ్ము లాగి ఇచ్చే మనవరాలిని "సిగరెట్ తాగావా?" అని అడిగితే లేదనే చెప్తుంది. అందులో అబద్ధం లేదు.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్ల సంగతి ఇంకో రకం. బడి నుంచి వచ్చిన పిల్ల తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తుంది, కొసలు మడుస్తుంది. చాటలో పొగాకు దుమ్ము లేస్తూనే ఉంటుంది. ఆ దుమ్ము పీల్చడం సర్వే భాషలో "వాడకం" కాదు. పక్కవాళ్లు తాగిన పొగ పీల్చడం గురించి మాత్రం అడిగారు. ఇంట్లో అలా పీల్చినవాళ్లు 11.2 శాతం.

ఇక లెక్కలోకి రానివాళ్ల మాట. ఇది బడిపిల్లల సర్వే. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో చదువు మానేసి మెకానిక్ షెడ్డులో, ఇటుక బట్టీలో, హోటల్లో చేరినవాడు ఇందులో లేడు. ఆ రోజు బడి ఎగ్గొట్టినవాడూ లేడు. పొగాకు అలవాటుకు ఎక్కువ దగ్గరగా ఉండేది వీళ్లే. కాబట్టి బడిలో తేలిన శాతాన్ని దేశంలోని ఆ వయసు పిల్లలందరికీ వర్తింపజేస్తే అసలు కన్నా తక్కువే చెప్పినట్టు. సర్వే చేసినవాళ్లు ఆ పని చేయలేదు. "విద్యార్థుల్లో" అనే రాశారు. ఆ మాటను వదిలేసేది మనమే.

రాష్ట్రాల పట్టిక చూస్తే ఇంకా విడ్డూరం. అరుణాచల్, మిజోరం రెండింట్లోనూ 58 శాతం చొప్పున, హిమాచల్‌లో 1.1, కర్ణాటకలో 1.2. మిజోరంలో పెద్దల్లో కూడా వాడకం 58.7 శాతమే, అంటే అక్కడ 13–15 ఏళ్లకే పిల్లలు పెద్దల లెక్కను అందుకున్నారు. కర్ణాటకలో పెద్దల్లో 22.8 శాతం, పిల్లల్లో 1.2. మన దగ్గర పెద్దల లెక్క అటూఇటుగా కర్ణాటక లాంటిదే: ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం, తెలంగాణలో 17.8. ఇంత తేడా ఉన్నప్పుడు ఒక రాష్ట్రానికి పతకం, ఇంకోదానికి మొట్టికాయ అని పంచేయకూడదు. కొన్నిచోట్ల పొగాకు అతిథి మర్యాదలో భాగం, ఒప్పుకోవడానికి సిగ్గు లేదు. కొన్నిచోట్ల టీసీ ఇచ్చి పంపేస్తారన్న భయం. రెండు చోట్లా ఒకే ప్రశ్నకు ఒకే నిజాయతీతో జవాబు వస్తుందనుకోవడం కష్టం. మరో చిక్కు: పిల్లలు ఒక్కొక్కరుగా కాదు, తరగతులుగా ఎంపికవుతారు. తరగతిలో ఇద్దరికి అలవాటుంటే పక్క బెంచీకి పాకుతుంది. ఒకే తరగతిలో నలభై మందిని అడగడం నలభై బడుల్లో ఒక్కొక్కరిని అడగడంతో సమానం కాదు. జాతీయ స్థాయిలో ఈ ఒడిదుడుకులు సర్దుకుంటాయి. రాష్ట్రస్థాయికి దిగినప్పుడు ఒకటీ అరా శాతం తేడాలను పట్టుకుని పక్క రాష్ట్రాన్ని మించిపోయామనడం పప్పులో కాలేయడమే.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థానికి గురయ్యేది మొదలుపెట్టిన వయసు. సిగరెట్‌కు 11.5 ఏళ్లు, బీడీకి 10.5, నమిలే రకాలకు 9.9 అని నివేదిక చెప్తుంది. "పదేళ్లకే పొగాకు" అనే శీర్షికకు ఇంతకన్నా ఏం కావాలి? గాట్స్ చూస్తే, 20–34 ఏళ్ల వాళ్లలో రోజూ వాడేవారు మొదలుపెట్టిన సగటు వయసు 18.9 ఏళ్లు. పదికీ పంతొమ్మిదికీ పొంతనేమిటి? రెండూ తప్పు కావు. బడి సర్వేలో అడిగింది 15 ఏళ్ల లోపు పిల్లలను. పదిహేడో ఏట మొదలుపెట్టబోయేవాడు ఈ రోజు "ముట్టలేదు" అనే రాస్తాడు, ఈ లెక్కలోకి రాడు. అప్పటికే ముట్టినవాళ్ల వయసు 15 దాటే వీలే లేదు. కాబట్టి ఆ లెక్క చిన్నదిగా రాక తప్పదు. అడిగింది కూడా "మొదటిసారి ఎప్పుడు ముట్టావు?" అని. తాత జేబులోంచి బీడీ తీసి నోట్లో పెట్టుకున్న సరదా కూడా అందులోకి వస్తుంది. గాట్స్ చూసింది రోజూ వాడేవాళ్ల మొదలు. ఇక్కడ పనికొచ్చే ముక్క వేరే ఉంది: నమిలే రకాలు వాడే పిల్లల్లో 52 శాతం, బీడీ తాగేవాళ్లలో 47 శాతం, సిగరెట్ తాగేవాళ్లలో 38 శాతం పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. పొగాకు పాఠం ఎనిమిదో తరగతిలో చెప్తే సగం మందికి ఆలస్యమైపోయినట్టే. ఐదో తరగతి దాటకముందే చెప్పాలి.

ఇన్ని లొసుగులుంటే సర్వే ఎందుకు? ఒకే తీరుగా మళ్లీమళ్లీ కొలిస్తే లొసుగులు కూడా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి. దాచేవాళ్లు 2009లోనూ ఉన్నారు, 2019లోనూ ఉన్నారు. మొదటి విడత 2003 నాటి లెక్క 16.9 శాతం, 2006లో 13.7, 2009లో 14.6, 2019లో 8.5. మధ్యలో చిన్న ఎగుడు ఉన్నా దారి కిందికే. 2009 నుంచి పదేళ్లలో 42 శాతం తగ్గింది. ఈ పోలికే సర్వేకు ప్రాణం. 8.5 అన్నది నిజంగా 7 కావచ్చు, 11 కావచ్చు. 14.6 నుంచి అక్కడికి రావడం మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

రెండో ఉపయోగం చుట్టుపక్కల సంగతి. పిల్లాడు తన అలవాటు దాచొచ్చు గానీ, దుకాణదారు చేసినదాన్ని దాచాల్సిన అవసరం అతనికి లేదు. సిగరెట్ తాగే పిల్లల్లో 69 శాతం, బీడీ తాగేవాళ్లలో 78 శాతం కొట్టులోనో పాన్ డబ్బా దగ్గరో రోడ్డు పక్క బండి మీదో కొనుక్కున్నామన్నారు. వాళ్లలో వయసు చూసి "నీకు ఇవ్వను, పో" అనిపించుకోనివాళ్లు సిగరెట్ల విషయంలో 45 శాతం, బీడీల విషయంలో 47 శాతం. పొగాకు అమ్మకాలను అదుపు చేసే 2003 నాటి కోట్పా చట్టం ఆరో సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడమే నేరం. విద్యాసంస్థకు వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 77వ సెక్షన్ ఇంకా గట్టిది: పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. బడి హెడ్మాస్టర్లలో 85 శాతం మందికి కోట్పా గురించి తెలుసని ఇదే సర్వేలో తేలింది. చట్టం తెలియక జరుగుతున్న అమ్మకం కాదన్నమాట. నివేదిక మొత్తంలో ఏ అధికారి అయినా ముందు చదవాల్సిన పేజీ ఇదేనని నా అభిప్రాయం. దీన్ని పట్టుకుని ఓ తహసీల్దారు రేపే ఏదైనా చేయొచ్చు, 8.5 శాతాన్ని పట్టుకుని చేయగలిగేది ఉపన్యాసమే.

తర్వాతి విడతలో కత్తిమీద సాము ఈ-సిగరెట్‌తో. 2019 సర్వేలో దాని పేరు విన్నవాళ్లు 28.4 శాతం, ఒకసారైనా వాడినవాళ్లు 2.8 శాతం. ఆ ఏడాది సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చి దేశంలో దాని తయారీ, అమ్మకం, నిల్వ అన్నీ నేరమయ్యాయి. ఆ తర్వాత అది పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా కనిపించే రూపాల్లో ఫోన్ మెసేజీల మీద చేతులు మారుతోంది. ఇప్పుడు అడిగితే పిల్లలు గడి నింపేది నిషేధించిన వస్తువుకు. లెక్క తగ్గితే నిషేధం పనిచేసిందా, ఒప్పుకోవడం తగ్గిందా అన్నది ఆ ఒక్క ప్రశ్నతో తేలదు. "మీ తరగతిలో ఎవరైనా వాడటం చూశావా?", "కావాలంటే ఎక్కడ దొరుకుతుందో నీకు తెలుసా?" అని తన గురించి కాక చుట్టూ ఉన్నవాళ్ల గురించి అడిగే ప్రశ్నలు పక్కనే ఉంటే కొంత నయం.